రిజిస్టర్ మాత్రం మూయకు

నల్లగొండ

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగకుండానే కాలేజీ లైబ్రరీ మొత్తాన్ని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తానని ప్రిన్సిపాల్ గారి ముందు ఒప్పుకొని వచ్చావట. "ఏదో ఓపెన్ సోర్స్ అట అక్కా, ఒక్క రూపాయి ఖర్చు లేదట" అని ఒకటే మురిసిపోయింది. నేనూ మురిశాను. మన ఇంట్లో నా తర్వాత లైబ్రరీ సైన్స్ చదివినదానివి నువ్వే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ "ఒక్క రూపాయి ఖర్చు లేదు" అన్న మాట సంగతి. అది ప్రిన్సిపాల్ గారి దగ్గర కూడా అన్నావా? అని ఉంటే ఈ వారంలోనే దిద్దుకో. లైసెన్సు రుసుము లేదు, అంతే. యూపీఎస్‌కు డబ్బు కావాలి, బార్‌కోడ్ స్కానర్‌కు కావాలి, స్టిక్కర్లకూ వాటి మీద అంటించే టేపుకూ కావాలి. అన్నిటికంటే ఎక్కువగా నీ వేసవి సెలవులు కావాలి. ఉచితం అన్న మాట ఒకసారి చెవిన పడిందంటే, ఆ తర్వాత యాజమాన్యం ఎలుకల మందు బిల్లు మీద కూడా సంతకం పెట్టదు.

నువ్వు ఎంచుకున్నది మాత్రం మంచిదే. 1999లో న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతపు లైబ్రరీ ట్రస్టుకు ఒక చిక్కు వచ్చింది. వాళ్లు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలింది. కటిపో అనే చిన్న కంపెనీ చేత కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, దాని సోర్సు కోడును, అంటే ప్రోగ్రాం అసలు రాతను, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సుతో అందరికీ ఇచ్చేశారు. అలా ఇచ్చేయడాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. అదే కోహా. మహానగరాల కోసం పుట్టింది కాదు, దేవరకొండ లాంటి ఊళ్లకు సరిపోయేదే.

అందరూ ఇటు మళ్లుతున్నారంటే ఊరికే కాదు. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ వాడకానికి ఒక విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు విండోస్ బదులు లినక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ లైబ్రరీలోని పాత కంప్యూటర్లను పాత సామాను కింద అమ్మేస్తామంటారు. అమ్మనివ్వకు, లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు పిల్లలు పుస్తకాలు వెతుక్కోవడానికి పనికొస్తాయి. మీ ప్రిన్సిపాల్ గారికి ఇవేవీ పట్టవని నాకు తెలుసు. ఆయనకు కావలసింది కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందానికి చూపించడానికి ఒక తెర. పోనీలే, కారణం ఏదైనా పని జరగనీ.

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెబుతాను. సర్వర్‌కు ఒక కంప్యూటర్‌ను విడిగా పెట్టు. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ వెయ్యి. దాని మీద ఎవరినీ సినిమాలు చూడనివ్వకు. బార్‌కోడ్ అంకె, అక్సెషన్ నంబరు (రిజిస్టర్‌లో ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరుస సంఖ్య) ఒకటే ఉండేలా చూసుకో. మార్క్ అనే పద్ధతిలో పుస్తకం వివరాలు రాసే గడులకు అంకెలుంటాయి కదా, 245లో పుస్తకం పేరు, 100లో రచయిత, 952లో మన దగ్గరున్న కాపీ వివరాలు. ఇవి నువ్వే నాకు నేర్పగలవు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు, 2000 తర్వాత రోజుల్లో, మా కాలేజీ కరస్పాండెంట్ గారు హైదరాబాద్ నుంచి ఒక లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చారు. దాంతోపాటు బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చారు. దాన్ని డాంగిల్ అనేవారు. కంప్యూటర్ వెనకాల ప్రింటర్ తీగ పెట్టే చోట అది ఉంటేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది, తీస్తే తెరుచుకోదు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని మా పెద్ద లైబ్రేరియన్ గారు దానికి దారం కట్టి టేబుల్ కాలికి ముడి వేశారు. ఆ వేసవంతా ఎండలో ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో కూర్చుని పదివేల పైచిలుకు పుస్తకాల వివరాలు కొట్టాం. పని పూర్తయిన రోజున పెద్ద లైబ్రేరియన్ గారు అక్సెషన్ రిజిస్టర్ తెరిచి, చివరి పుస్తకం కింద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "ఇకపై కంప్యూటర్‌లో" అని రాసి సంతకం పెట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. మిఠాయిలు కూడా తెప్పించారు.

రెండు మూడేళ్లు బాగానే నడిచింది. ఏటా నిర్వహణ రుసుము కట్టేవాళ్లం. ఒక ఏడు రశీదు రాలేదు. ఫోన్ చేస్తే మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. మనిషిని పంపితే ఆ ఆఫీసు ఉన్న చోట బట్టల దుకాణం ఉంది. సరే, ప్రోగ్రాం పనిచేస్తోంది కదా అనుకున్నారు. ఆ వచ్చే జూన్‌లో తొలకరి ముందు పెద్ద ఈదురుగాలి, పిడుగు. మదర్‌బోర్డు మాడింది, డాంగిల్ మాడింది. హార్డ్ డిస్కు మాత్రం బతికింది. దాన్ని సంచిలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో దుకాణం దుకాణం తిరిగాం. ఫైలు కనిపిస్తోంది, దాని సైజు కనిపిస్తోంది, తెరిస్తే మాత్రం పిచ్చి గుర్తులు. ఇల్లు మనదే, తాళంచెవి మాత్రం అమ్మినవాడి జేబులో పోయింది.

అంతవరకే అయితే ఇంత రాయను. ఎర్ర గీత తర్వాత కొన్న పుస్తకాలకు కాగితం మీద ఒక్క ముక్క లేదు. యూనివర్సిటీ తనిఖీ వచ్చింది. బిల్లులతో పోల్చి చూస్తే కొన్ని ఖరీదైన పుస్తకాలు అల్మరాల్లో లేవు. అవి ఏ లెక్చరర్ ఇంట్లో ఉన్నాయో మాకందరికీ తెలుసు, చూపించడానికి మాత్రం ఆధారం లేదు. చివరికి నింద అటెండర్ మీద పడింది. రిటైర్ కావడానికి దగ్గరలో ఉన్న మనిషి, చదువురాని మనిషి. నెలనెలా జీతంలో కోత పెట్టారు. ఆయన రోజూ నాకంటే ముందు వచ్చి, పుస్తకాల మీద దుమ్ము తన తువ్వాలుతో తుడిచేవాడు. కోత మొదలయ్యాక కూడా తుడిచాడు. నాకు ఇప్పటికీ అడ్డగీత గీసిన రిజిస్టర్ చూస్తే ఒళ్లు మండుతుంది.

కాబట్టి కోహా వచ్చినా, దానిమీద ఇంకోటి వచ్చినా, రిజిస్టర్ మూయకు. కొత్త పుస్తకం రాగానే ముందు రిజిస్టర్‌లో చేత్తో రాయి, తర్వాత కంప్యూటర్. "ఈ కాలంలో రెండు పనులెందుకు మేడం" అని ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు.

కోహాకు డాంగిల్ లేదు కదా పెద్దమ్మా అంటావు. నిజమే. సోర్సు కోడు అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి, ఒకడు దుకాణం ఎత్తేస్తే ఇంకొకడు కొనసాగిస్తాడు. 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాళ్లలో చాలామంది విడిపోయి, అదే కోడుతో లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. వాడేవాళ్ల ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. కోహా నుంచి కూడా నీ జాబితా మొత్తాన్ని మార్క్ ఫైలుగా ఎప్పుడంటే అప్పుడు బయటకు తీసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా రోజుల్లో ఆ ఒక్క సౌకర్యం ఉంటే ఆ అటెండర్ జీతం ఆయన చేతికి నిండుగా అందేది.

కానీ డాంగిల్ లేకపోయినా పాస్‌వర్డ్ ఉంటుంది. కోహా వేసిపెట్టడానికి ఎవరినో పిలుస్తావు, అతను రెండు రోజుల్లో పని ముగించి డబ్బు తీసుకుని వెళ్తాడు. కంప్యూటర్ మొత్తం మీద అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ అతని ఫోన్‌లో ఉండిపోతుంది. అప్పుడు అమ్మినవాడు పోకపోయినా వేసిపెట్టినవాడు పోతాడు, మనకు తేడా ఏముంది? అతను ఎక్కించేటప్పుడు పక్కనే కూర్చుని ప్రతి అడుగూ నోటుపుస్తకంలో రాసుకో. డబ్బు ఇచ్చేముందు పాస్‌వర్డ్‌లన్నీ నీ చేత్తో మార్చు. వాటిని కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి, ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. రేపు గ్రూప్స్ రాసి నువ్వే వెళ్లిపోవచ్చు, పెళ్లయి వెళ్లిపోవచ్చు. నీ తర్వాత వచ్చేది నీలాంటి భయపడే పిల్లే. ఆ నోటుపుస్తకం ఆమె చదివి అర్థం చేసుకునేలా తెలుగులో రాయి.

బ్యాకప్ సంగతి. డెబియన్ ప్యాకేజీతో వేస్తే కోహా రోజూ తనంతట తానే ఒక కాపీ తీసి పెట్టుకుంటుంది. ఎక్కడ? అదే కంప్యూటర్‌లో! పిడుగు పడితే రెండూ కలిసి పోతాయి. పైగా కాపీ తీసే వేళకు కంప్యూటర్ నడుస్తూ ఉండాలి. మీ కాలేజీలో సాయంత్రం మెయిన్ ఆపేసి తాళం వేసి పోతారు కదా, ఆపేసిన కంప్యూటర్ కాపీ ఎలా తీస్తుంది? ఆ వేళను మధ్యాహ్నం భోజనం సమయానికి మార్పించు. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంటికి తీసుకెళ్లు. కాపీ తీశానని సంబరపడకు. సెలవుల్లో ఇంకో కంప్యూటర్‌లో ఖాళీ కోహా వేసి, ఆ కాపీని అందులోకి ఎక్కించి, ఒక పుస్తకం వెతికి దొరికిందో లేదో చూడు. దొరికాకే నాకు ఫోన్ చెయ్యి.

ఇక తెలుగు పుస్తకాలు. దయచేసి వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టకు. నేను చూసిన ఒక జాబితాలో సురవరం ప్రతాపరెడ్డి గారు ముగ్గురు మనుషులయ్యారు. ప్రతాపలో హెచ్ ఉన్న ఆయన ఒకరు, హెచ్ లేని ఆయన ఒకరు, రెడ్డి చివర వై బదులు ఐ పెట్టుకున్న ఆయన ఇంకొకరు. ఆ పాలమూరు పెద్దమనిషి పుస్తకాలు తెలుగు సాహిత్యానికి కేటాయించిన 894.827 అల్మరాలోనే పక్కపక్కన ఉన్నాయి, తెర మీద మాత్రం కలవవు. ఇక మన నల్లగొండ నుంచి 1922లో నీలగిరి పత్రిక నడిపిన షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారి పేరును మీ కాలేజీ పిల్లలు ఎన్ని రకాలుగా కొడతారో ఊహించుకో. యూనికోడ్ తెలుగులోనే ఎక్కించు. కావాలంటే ఇంగ్లీషు రూపాన్ని, పుస్తకం ఇంకో పేరు రాసే 246లో అదనంగా పెట్టు. రచయితల పేర్లకు అథారిటీ రికార్డులు, అంటే ఒక్కో రచయితకు ఒకే ఖాయమైన పేరు ఉండే రికార్డులు, తయారుచెయ్యి. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన జాబితా ఎవరైనా ఇస్తే నమ్మకు. చూడటానికి తెలుగే, లోపల ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. కోహాలో వెతికే పని చేసే జీబ్రా అనే భాగాన్ని అన్ని లిపులకూ పనికొచ్చే ఐసీయూ అనే పద్ధతికి మార్పించు, మొదట్లో ఉండే అమరిక లాటిన్ అక్షరాలకు తగ్గట్టు చేసింది. ఇదంతా వేల పుస్తకాలు ఎక్కించాక కాదు, పది ఎక్కించగానే చూసుకో.

కోహాకు ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చిందని ఎగిరి గంతేసి పరీక్షల నెలలో మార్చకు, పిల్లలు పుస్తకాలు వాపసు ఇచ్చి నో డ్యూస్ సంతకాల కోసం వరుస కట్టే రోజులవి. వేసవిలో మార్చుకో. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రం ఆపకు.

ఏదైనా చిక్కు వస్తే సిగ్గుపడకుండా అడుగు. ప్రపంచం నలుమూలలా కోహా వాడే లైబ్రేరియన్లు ఉన్నారు, జవాబు చెబుతారు. నీ ఇంగ్లీషు ఎలా ఉందో వాళ్లకు అక్కర్లేదు, తెర మీద వచ్చిన తప్పు సందేశాన్ని ఉన్నదున్నట్టు పంపితే చాలు. తీరిక దొరికినప్పుడు నువ్వూ ఏదైనా ఇవ్వు. తెర మీది మాటలను ఎవరైనా అనువదించి పంపవచ్చు. "చెక్‌అవుట్"కు మన పిల్లలకు అర్థమయ్యే మాట నీకే బాగా తెలుసు.

ఒంటరిగా చీకటి పడేదాకా లైబ్రరీలో కూర్చోకు. ఆఖరి బస్సు పోతే మీ అమ్మకు బీపీ పెరుగుతుంది, ఆమె నా మీద పడుతుంది. టిఫిన్ డబ్బా తీసుకెళ్లు, సమోసాలతో పూట గడపకు. స్కానర్ ఎక్కువ సేపు పట్టుకుంటే మణికట్టు లాగుతుంది, మధ్యలో ఆపు. పని ఆలస్యమైతే ప్రిన్సిపాల్ గారు విసుక్కుంటారు, విసుక్కోనీ. న్యాక్ వాళ్ల తేదీ కోసం తప్పుల తడక జాబితా ఎక్కించడం కంటే సగమే ఎక్కించి "ఇంకా పని సాగుతోంది" అని చెప్పడం నయం.

మొదటి యాభై పుస్తకాల వివరాలు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో కొట్టి, ప్రింటు తీసి నాకు పంపించు. ఫోన్‌లో పంపకు, చిన్న అక్షరాలు నాకు కనిపించవు. ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుతాను. కాగితం నిండా ఎరుపే ఉంటుంది, ఏడవకూడదు.

ప్రేమతో,
పెద్దమ్మ