ఆపరేషన్‌కీ విమానానికీ మధ్య

చెల్లీ,

నీ ఒంటిని స్త్రీ ఒళ్లుగా మలిచిన ఆ సర్జరీ గురించి రాసుకున్న నీ కథ, రాతప్రతి చదివాను. వాక్యం నీ మాట వింటోంది, అందులో అనుమానం లేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే. పరాయి దేశంలో ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్న చోట మూడో అధ్యాయం ముగించావు. నాలుగోది తిరుగు విమానంలో మొదలైంది. మధ్యలో 'మత్తు వదిలింది, నేను నేనయ్యాను' అని ఒక్క ముక్క. ఆ వారాలన్నీ ఏమైపోయాయమ్మా?

ఇలాంటి కథల్ని లోకం మొదట్నించీ అలాగే చెప్పుకుంది లే. 1952 డిసెంబర్ 1న న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీలో అమెరికన్ ట్రాన్స్ మహిళ క్రిస్టీన్ జోర్గెన్సన్ వార్త వేసింది, మాజీ సైనికుడు అందాల భామ అయ్యాడంటూ. అప్పటికి ఆమె ఇంకా సర్జరీ చేయించుకున్న డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్‌లోనే ఉంది. అమెరికా తిరిగొచ్చింది 1953 ఫిబ్రవరిలో. ఆ శీర్షికలో సైనికుడున్నాడు, భామ ఉంది, మంచం మీద మనిషి మాత్రం లేదు. ముందు ఫొటో, తర్వాత ఫొటో, వింత చూసేవాళ్లకి ఆ రెండూ చాలు. నువ్వూ వాళ్ల కోసమే రాసేటట్టయితే నాకు పంపక్కర్లేదు.

కాబట్టి మంచం దగ్గరికి రా. కొత్తగా మలిచిన యోని లోపల గాజుగుడ్డ కుక్కిన ప్యాకింగ్ ఉంది, మూత్రం పోవడానికి గొట్టం, కాథెటర్ ఉంది, లేవొద్దన్నారు. రక్తం గడ్డకట్టకుండా పిక్కలకి చుట్టిన పట్టీల్లోకి గాలి ఎక్కుతుంది, దిగుతుంది, ఒక కాలయ్యాక ఇంకో కాలు, రాత్రంతా అదే చప్పుడు. నర్సు వచ్చి నొప్పి పదిలో ఎంత అని వేళ్లతో అడుగుతుంది. ఆరు చూపించాలా, ఎనిమిదా? ఎనిమిదంటే మందు పెంచుతారేమో, మళ్లీ మగత. ఆరంటే ఓర్చుకుంటోంది లెమ్మనుకుంటారేమో. మాట రాని చోట తన బాధని వేళ్ల మీద బేరమాడుకుంటున్న మనిషి! ఇంతకంటే సన్నివేశం ఇంకెక్కడ దొరుకుతుంది నీకు?

ప్యాకింగ్ తీసే రోజునీ వదిలేశావు. ఇన్ని రోజులకని అందరికీ ఒకే లెక్క ఉండదు, చాలా చోట్ల వారం లోపే తీస్తారు. గాజుగుడ్డ వస్తూనే ఉంటుంది, అయిపోయిందనుకున్నాక ఇంకాస్త వస్తుంది. అక్కణ్ణించి డైలేషన్, అంటే ఆ దారి ముడుచుకుపోకుండా కడ్డీలాంటి సాధనం లోపల పెట్టి ఉంచుకోవడం. మొదటి నెలల్లో రోజుకి మూడు నాలుగుసార్లు, గడియారం చూసుకుంటూ. ఇంత విసుగు ఉంటుందని ఎవరూ చెప్పరు, అందుకే ఆ విసుగు రాయి. సిగ్గుపడి దాటెయ్యకు, ప్రదర్శనకీ పెట్టకు. ఎంతవరకు చెప్పాలో నీ ఇష్టం. చెప్పదలుచుకున్నది మాత్రం గుసగుసగా చెప్పకు.

ఇక నువ్వు కావాలనే దాచిందొకటుంది. 'ఆ రోజు ఫోన్ ఎత్తలేదు' అన్న వాక్యం నిన్ను పట్టిచ్చింది. ఏడ్చావు కదూ? అది రాస్తే 'చూశారా, పశ్చాత్తాపపడుతోంది' అంటారని భయం. అనేవాళ్లు ఎలాగూ అంటారు. వాళ్లకి భయపడి ఆ పేజీ చింపేస్తే, రేపు ఇంకెక్కడో అలాంటి గదిలో ఏడుస్తున్న పిల్ల తనకొక్కదానికే ఇలా జరిగిందనుకుంటుంది. ఆ ఏడుపుకి కారణాలు నీకు తెలుసు, అవి కూడా రాయి. పెద్ద సర్జరీ, మత్తు, నొప్పి మందులు, నిద్రలేని రాత్రులు, పక్కన మనవాళ్లెవరూ లేకపోవడం. కొందరికి సర్జరీకి ముందే వాడుతున్న స్త్రీ హార్మోన్, ఈస్ట్రోజన్, ఆపిస్తారు, అదొకటి. గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ దిగులుపడతారు. గుండె బాగుచేయించుకున్నందుకు బాధపడుతున్నావా అని వాళ్లనెవరూ అడగరు. అలాగని ఆ రోజుని పెంచి పెద్దది చెయ్యకు. మర్నాడు నర్సు జడ వేసిందని రాశావే, ఏడుపు పక్కనే ఆ జడ ఉండాలి. ఎక్కడో ఆరు పేజీల అవతల కాదు.

నడక మొదలయ్యాక వరండాలో కలిసిన ఇద్దరి గురించి చాలా బాగా రాశావు, కానీ తీసెయ్యాలి. పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, ఉద్యోగం, సర్జరీ నెల, మూడూ కలిపి చూస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఇంట్లో ఏమని చెప్పి వచ్చారో వాళ్లు, మనకేం తెలుసు? అడిగి, ఒప్పుకుంటేనే ఉంచు.

నీ పుస్తకం పట్టుకుని ప్రయాణం కట్టేవాళ్లూ ఉంటారని మర్చిపోకు. నీ ఒళ్లు కోలుకున్న తీరు అందరికీ కొలత కాదని ఒకచోట తెలిసేలా చెయ్యి, అది చాలు. పద్ధతులు వేరు, సర్జన్లు వేరు. వెంటనే విమానం ఎందుకు ఎక్కనివ్వరో మాత్రం వివరంగా రాయి. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, పైగా కుట్లు ఊడినా, రక్తం కారినా ఆ సర్జన్ చేతికి అందేంత దగ్గర్లో ఉండాలని.

ఇంటికొచ్చాక మీ డాక్టరు డిశ్చార్జి సమ్మరీ తిరగేసి, 'ఇలాంటి కేసు నేనెప్పుడూ చూడలేదు' అన్నారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది అధ్యాయం అమ్మా, వాక్యం కాదు. కానీ దాని సంగతి తర్వాత చూద్దాం.

ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నానన్నావుగా, కూర్చోకు. పడుకునే ఫోన్లో చెప్పి రికార్డు చేసుకో, తీరిగ్గా ఎత్తి రాసుకోవచ్చు. ఆ మధ్య వారాల అధ్యాయం ఒక్కటే పంపు, మిగతావి ప్రస్తుతానికి ముట్టుకోకు.

నీ అక్క