ఒసిరిస్ పచ్చగా ఉన్నది కుళ్ళి కాదు

అడిగిన ప్రశ్న: "ఈజిప్టు బొమ్మల్లో ఒసిరిస్ ఒళ్ళు ఆకుపచ్చగా ఎందుకుంటుంది? చచ్చిపోయిన దేవుడు కాబట్టి కుళ్ళిన రంగు వేశారా?"

కాదండీ. లక్సర్‌లో మా గైడూ బయట ఎండలో నిలబెట్టి ఈ కుళ్ళు మాటే చెప్పాడు. మా అమ్మ అప్పుడే మొహం చిట్లించింది.

2018లో అమ్మని వెంటబెట్టుకుని నెఫెర్తారి సమాధికి వెళ్ళాను. రెండో రామ్సెస్ పట్టపురాణి. అప్పట్లో దానికి వేరే టికెట్, లోపల ఉండనిచ్చింది పది నిమిషాలు. మెట్లు దిగగానే కప్పంతా ముదురు నీలం, దాని మీద పసుపు చుక్కలు. అందరూ తల పైకెత్తి దాన్నే చూస్తున్నారు. అమ్మ మాత్రం ఒక గోడ ముందు ఆగిపోయింది. తెల్లబట్ట చుట్టుకుని కూర్చున్న ఒసిరిస్. మొహం, చేతులు పచ్చపచ్చగా. "శవం ఇలా ఉంటుందట్రా? ఇది ఆకుమడి రంగు" అంది. మాది కోనసీమ, ఆవిడ చూడని ఆకుమడి లేదు. మోకాళ్ళ నొప్పికి గోడ పట్టుకోబోతే కాపలావాడు ఒక్క అరుపు అరిచాడు, అది వేరే సంగతి.

తర్వాత చదివితే అమ్మ మాటే నిజం. టుటంఖమూన్ అనే ఈజిప్టు రాజు సమాధిలో ఒసిరిస్ ఆకారంలో చేసిన చెక్క తొట్టి దొరికింది. అందులో నైలు ఒండ్రు పోసి, గింజలు చల్లి, మొలకెత్తించి పెట్టారు. మన పెళ్ళిళ్ళలో పాలికలు గుర్తురాలేదూ? రెండింటికీ చుట్టరికం ఉందని నేననను. వాట్సాప్‌లో అనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆ పచ్చరంగుకి పాత ఈజిప్టువాళ్ళ మాట 'వజ్'. రాసేటప్పుడు పపైరస్ కాడ బొమ్మ గీస్తారు, అదే వాళ్ళు కాగితం చేసుకున్న నీటిమొక్క. పచ్చన, పచ్చి, తాజా, కళకళలాడటం, అన్నీ ఆ ఒక్క మాటే. ఇంగ్లీషువాళ్ళు దీనికి పేజీలకు పేజీలు వివరణ రాస్తారు. "పచ్చగా ఉండు నాయనా" అని దీవించే మనకి వివరణ దేనికి? ఒసిరిస్‌ని నల్లగా కూడా వేస్తారు, అది ఒండ్రుమట్టి రంగు. దేశం పేరే 'కెమెత్', నల్లనేల. ఎర్రనేల అంటే ఎడారి, ఒసిరిస్‌ని చంపిన తమ్ముడు సేత్ రాజ్యం.

ఇంకో చిరాకు. నీలం కనిపిస్తే చాలు, లాపిస్ లాజులీ అనే ఖరీదైన నీలిరాయి నూరి పూశారంటారు. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే రాయిని కప్పులకి పూస్తారా? ఇసుక, సున్నం, రాగి కలిపి సుమారు 900 డిగ్రీల దగ్గర కాల్చి చేసుకున్న రంగు అది. ఆకుపచ్చా చాలాచోట్ల అలా కాల్చిందే.

వచ్చేటప్పుడు అమ్మ బజార్లో ఒసిరిస్ బొమ్మ కొంది. పపైరస్ అని అమ్మాడు, తీరా చూస్తే అరటి నార. హాల్లో ఎండ తగిలి రెండేళ్ళకే దేవుడి మొహం పసుపుపచ్చకి దిగింది. మోసపోయామే అంటే అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "కోతకొచ్చిందిలే" అంది.