సూక్ష్మతరంగం ఎంత సూక్ష్మం?

"సూక్ష్మతరంగం అంటే చాలా చిన్న అల అని పిల్లల పుస్తకంలో ఉంది, ఎంత చిన్నది?" అని అడిగారు.

సూక్ష్మతరంగం అంటే ఇంగ్లిష్‌లో మైక్రోవేవ్. మీ వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో తిరిగే అల పొడవు 12.2 సెంటీమీటర్లు. జానెడులో సగం దాటుతుంది. 'మైక్రో' ఉంది కదా అని మైక్రోమీటరుతో (మీటరులో పది లక్షల వంతు) ముడిపెడితే లెక్క తప్పినట్టే. ఈ పేరు రేడియో వాళ్ల కొలత మీద వచ్చింది. ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో అల దాదాపు 323 మీటర్లు. షార్ట్‌వేవ్, అదే హ్రస్వతరంగం, 10 నుంచి 100 మీటర్లు. వాటి పక్కన పెడితే ఇది సూక్ష్మమే మరి. మీటరు నుంచి మిల్లీమీటరు దాకా ఈ మాట కిందకే వస్తాయి. వెలుగు అల ఓవెన్ అలకన్నా లక్ష రెట్లకు పైగా చిన్నది, దాన్ని మాత్రం ఎవరూ సూక్ష్మం అనరు! ఈ తెలుగు మాట పెట్టినవాళ్లు 'కురచ' అని ఉంటే ఇంత తికమక ఉండేది కాదు.

నమ్మకం లేకపోతే అప్పడాలతో కొలవండి. ఓవెన్‌లో గాజు పళ్లెం, కింద చక్రాల రింగు తీసెయ్యండి. మధ్యలో తిరిగే ముక్క మీద ఓవెన్‌కి పనికొచ్చే గిన్నె బోర్లించి, దాని మీద వెడల్పాటి పింగాణీ పళ్లెం పెట్టండి. పళ్లెం తిరగకూడదు, తిరిగితే అప్పడాల మీద పొంగే మచ్చలన్నీ కలిసిపోతాయి. పచ్చి అప్పడాలు ఖాళీ లేకుండా పరవండి. కొంచెం చెమ్మ ఉండాలి, విశాఖ గాలికి డబ్బా మూత తీసి ఉంచితే అదే పడుతుంది. ఫుల్ పవర్‌లో 15, 20 సెకన్లు. అక్కడక్కడ తెల్లగా పొంగి, మిగతాది పచ్చిగా ఉన్నప్పుడే ఆపెయ్యాలి. ఇంకాస్త ఉంచితే అన్నీ పొంగుతాయి, తినడానికి తప్ప దేనికీ పనికిరావు. గోడలకు తగిలి వెనక్కొచ్చే అలలు కలిసి బలపడిన చోటే మచ్చ పొంగుతుంది. పక్కపక్క మచ్చల నడుమ దూరం సుమారు 6 సెంటీమీటర్లు, అది సగం అల. అలలు మూడు దిక్కులా కొట్టుకుంటాయి కాబట్టి ఒక జత కొలిచి ఊరుకోకుండా నాలుగైదు కొలవండి. పళ్లెం లేకుండా, లోపలే అలల్ని చెదరగొట్టే ఫ్యాన్ ఉన్న మోడళ్లలో ఇది సరిగా రాదు.

వాడుక అంటారా, విశాఖ కైలాసగిరి మీద వానల్ని కనిపెట్టే డాప్లర్ వాతావరణ రాడార్ అల సుమారు 10 సెంటీమీటర్లు. వానను దాటి దూరం పోవాలంటే అంత పొడవుండాలి. మీ ఇంటి డిష్‌కి దిగేది రెండున్నర సెంటీమీటర్ల అల. జడివానకి బొమ్మ ఆగిపోయేది అందుకే, మేడెక్కి డిష్ తిప్పితే రాదు.