సార్వా ముందుకు జరిగితేనే డెల్టాలో మిగతావి కుదురుతాయి

మీరు అడిగింది ఇది: తిండిగింజలకు లోటు రాకూడదు, వాతావరణానికీ చేటు జరగకూడదు అంటే వ్యవసాయ విధానంలో ముందు ఏం మార్చాలి? గోదావరి డెల్టాలో వరి మాన్పించి చిరుధాన్యాలు వేయించడం మంచిది కాదా?

నేను కోనసీమలో శివారు ఆయకట్టు రైతుని, అంటే కాలువ చివర ఉన్న చేలు మావి. సొంతం ఎకరంన్నర, కౌలుకి నాలుగెకరాలు. నాన్న చేసిన చేలే నేనూ చేస్తున్నాను. నా అనుభవంలోంచే చెబుతాను.

ముందు చిరుధాన్యాల సంగతి. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మా పల్లపు చేలల్లో వరి తప్ప ఇంకోటి బతకదు. నల్లటి బంకమట్టి. ఆగస్టులో గట్టి వాన పడితే మడిలో నీళ్ళు మోకాలి లోతుకి వస్తాయి, మూడు నాలుగు రోజులైనా దిగవు. జొన్న, రాగి ఆ నీళ్ళలో కుళ్ళిపోతాయి. వరి ఒక్కటే ఓర్చుకుంటుంది. కాబట్టి "డెల్టాలో వరి వద్దు" అనే మాట ఇక్కడి నేల చూడని వాళ్ళ మాట అనిపిస్తుంది నాకు. మార్చడానికి వీలున్నది దాళ్వా, అంటే సార్వా తర్వాత కాలువ నీళ్ళతో వేసే రెండో పంట. సార్వాకీ దాళ్వాకీ మధ్య మినుము లాంటి అపరాలకి చోటు చేయడానికీ వీలుంది. అయితే ఆ రెండూ జరగాలంటే సార్వా త్వరగా మొదలై త్వరగా అయిపోవాలి. నన్నడిగితే డెల్టాకి అన్నిటికన్నా ముఖ్యమైన వాతావరణ విధానం నారుమడి పోసే తేదీ. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎలాగో 2023 సార్వాతో చెబుతాను. మేము ఎక్కువగా వేసేది స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. మన మార్టేరు పరిశోధన స్థానం 1982 లో ఇచ్చిన రకం. పంటకాలం సుమారు 150 రోజులు. జూన్ మొదటి వారంలో నారు పోస్తే నవంబరు మొదటి వారానికి కోతకి వస్తుంది. ఆ ఏడు నేను పోసింది జులై మొదటి వారంలో. వేళ్ళ మీద లెక్కపెట్టండి, డిసెంబరు మొదటి వారం అవుతుంది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి నా చేలో సగం కోసి పనలు పరిచి ఉన్నాయి, సగం నిలబడి ఉంది. నిలబడ్డది పడిపోయింది. పనలు నీళ్ళలో తేలాయి, నాలుగో రోజుకి గింజ మొలకెత్తింది. మా అమ్మ గట్టు మీద కూర్చుని ఆ మొలకలు గిల్లుతూ ఉండిపోయింది. అది నేను మరిచిపోలేను.

మిగిలిన ధాన్యం ఆరబెట్టి మిల్లుకి తోలితే తేమ 17 శాతం దాటిందన్నారు, రంగు మారిందన్నారు. ఆ ఏడు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,183. మా 75 కిలోల బస్తాకి 1,637 రావాలి. నాకు వచ్చింది 1,300.

ఇప్పుడు అసలు ప్రశ్న. నెల రోజులు నేను ఎందుకు ఆలస్యం చేశాను? నాకేం తెలియక కాదు. మూడు కారణాలున్నాయి, మూడూ నా చేతిలో లేనివి.

మొదటిది డబ్బు. అంతకు ముందు దాళ్వాలో అమ్మిన ధాన్యం డబ్బు జూన్ చివరి దాకా ఖాతాలో పడలేదు. విత్తనాలకి, దమ్ముకి, ఊడ్పు కూలీలకి చేతిలో పైసా లేదు. సొంత భూమి ఉన్నవాడికి బ్యాంకు పంట రుణం ఉంటుంది. నాకు ఎకరంన్నర మీద వచ్చే రుణం ఐదున్నర ఎకరాలకి ఎక్కడ సరిపోతుంది? ఎరువుల కొట్టులో అప్పు అడిగితే, పాతది తీర్చి మాట్లాడమన్నారు. ఆ టెన్షన్‌లో మూడు వారాలు పోయాయి.

రెండోది నీళ్ళు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువకి నీళ్ళు వదిలిన తేదీ పేపర్లో వస్తుంది. ఆ నీళ్ళు శివారు బోదెలోకి, అంటే మా చేలకి నీళ్ళు తెచ్చే చిన్న పిల్లకాలువలోకి, వచ్చే తేదీ ఏ పేపర్లోనూ రాదు. పైవాళ్ళు నింపుకున్నాకే మాకు. పైగా వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అవ్వాల్సిన పూడికతీత పనులు ఒక్కోసారి నీళ్ళు వదిలే రోజు దగ్గరపడ్డాక మొదలవుతాయి.

మూడోది మురుగు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి డెల్టా అంటే కాలువలే గుర్తొస్తాయి. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852 లో పూర్తయింది. దాని కింద, ఇప్పటి బ్యారేజీ కింద సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. నీళ్ళు తెచ్చే దారి అంత గొప్పగా ఉంది. నీళ్ళు పోయే దారి మాత్రం ఎవరికీ పట్టదు. మా నేల సముద్రానికి కొద్ది అడుగుల ఎత్తులో ఉంది, వాలు దాదాపు లేదు. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క, తూడు అల్లుకుపోతే నీరు కదలదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఎదురు తంతుంది. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే దారే మూసుకుపోతుంది. అలాంటప్పుడు తుపానే రానక్కర్లేదు, రెండు రోజుల ముసురు చాలు. నారుమడి మునుగుతుంది, మళ్ళీ విత్తనాలు కొనాలి, మళ్ళీ పోయాలి. అంటే ఇంకో పదిహేను రోజులు ఆలస్యం. ఆ పదిహేను రోజులు పంటని తీసుకెళ్ళి తుపాను నోట్లో పెడతాయి.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? దేశమంతా ఆశ్చర్యపోయింది. అన్నం పెట్టే చోట చేలు బీడు పెట్టడమేమిటని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మేమూ ఆ ఏడు చేను దున్నలేదు. ఖర్చులు రావడం లేదన్నది ఒక బాధ, మురుగు దిగడం లేదన్నది ఇంకో బాధ. నాన్న ఆ నాలుగు నెలలు రోజూ ఖాళీ చేను చుట్టూ తిరిగి వచ్చేవాడు. పండించే శక్తి ఉండి కూడా రైతు పండించకపోతే దేశానికి ఆహార భద్రత ఎక్కడిది? ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి ఐదు కిలోలు ఇస్తున్నాం. మంచిదే, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ ఐదు కిలోలు ఇలాంటి చేలల్లోంచే రావాలి కదా.

ఇక కౌలు. ఇది తేల్చకుండా విధానం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. డెల్టాలో చేలో దిగే వాళ్ళలో చాలామంది కౌలు రైతులే. భూమి యజమానులైన కామందులు హైదరాబాదులోనో, విదేశాల్లోనో ఉంటారు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 భూమి ఉన్నవాడికే. కౌలు రైతు కోసం 2011 లో రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు, 2019 లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. రెండో దాని ప్రకారం 11 నెలలకి కార్డు ఇస్తారు, దానికి భూయజమాని సంతకం కావాలి. మా కామందు మంచి మనిషి. నాన్న కాలం నుంచీ మమ్మల్నే ఉంచారు. ఫోన్ చేసి, "బాబాయ్, ఒక్క సంతకం పెట్టండి" అని అడిగాను. "నీ మీద నమ్మకం లేక కాదురా, కాగితం మీద పెడితే రేపు పిల్లలకి ఇబ్బంది అవుతుందేమోనని" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. భూమి పోతుందన్న భయం నిజమైన భయం. హక్కు పత్రాలకీ కార్డుకీ సంబంధం లేదని, పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలో రాసి ఉంది. కానీ ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారు? ప్రభుత్వం ప్రతి యజమానికీ రాతపూర్వకంగా ఆ భరోసా ఇవ్వాలి. ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో, చేలో ఉన్న మనిషి పేరు సంతకంతో పని లేకుండా ఎక్కాలి. రుణం, బీమా, నష్టపరిహారం ఆ పేరు మీదే రావాలి. నేను విధానం రాసేవాణ్ణయితే మొదటి పేజీలో ఇదే రాస్తాను.

మీథేన్ గురించి కూడా రాయాలి. నీళ్ళు నిలిపిన వరి మడిలోంచి మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. తడిపి ఆరబెట్టే పద్ధతి దీనికి మందు. మడిలో కన్నాలు పెట్టిన గొట్టం పాతి, నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందకి దిగాకే మళ్ళీ నీరు పెట్టాలి. నీరూ మిగులుతుంది, మీథేనూ తగ్గుతుంది, దిగుబడి పెద్దగా తగ్గదు. దాళ్వాలో ఒక ఎకరంలో చేసి చూశాను. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత మాకు రావాల్సిన వంతు నీళ్ళు తొమ్మిది రోజులు ఆలస్యం అయ్యాయి. పొట్ట దశలో చేను నెర్రెలిచ్చింది. ఆ భయంతో మరుసటి తడికి గట్టు అంచుదాకా నింపేశాను. పక్కవాళ్ళూ అదే చేశారు. రేపు నీళ్ళు వస్తాయన్న నమ్మకం ఉన్నవాడే ఈరోజు చేను ఆరబెట్టగలడు. దాళ్వా నీళ్ళు ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే దాని మీద కూడా ఆధారపడతాయి. ఏ బోదెకి ఏ రోజు నీళ్ళొస్తాయో ముందే ఖరారు చేసి, ఆ మాట నిలబెట్టుకుంటే గొట్టాలు మేమే కొనుక్కుంటాం. నీటి తీరువా ఎకరానికి లెక్కగట్టినంత కాలం, నీరు పొదుపు చేసిన రైతుకి దక్కేది కూడా ఏమీ లేదు.

యూరియా మాట క్లుప్తంగా. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 50 కిలోల బస్తా 1,350. చవకైనదే ఎక్కువ చల్లుతాం. చేను పచ్చగా కనపడుతుంది, ఆనక సుడిదోమ పడుతుంది, చేను పడిపోతుంది. రాయితీ డబ్బు, చేలో పెంచి ఎరువుగా కలియదున్నే పచ్చిరొట్ట విత్తనాలకి కూడా కొంత మళ్ళిస్తే జీలుగ, పిల్లిపెసర మళ్ళీ వస్తాయి. కాకపోతే విత్తనం మే నెలలో అందాలి. జులైలో అందితే చల్లే చోటు ఉండదు.

రొయ్యల చెరువుల గురించి నాకు కోపమే ఉంది, దాచను. వరి కౌలు కన్నా చెరువు కౌలు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి యజమానిని ఆపలేం. కానీ అనుమతి లేకుండా చేల మధ్యలో ఉప్పునీటి చెరువు తవ్వితే పక్క చేలోకి ఊట దిగుతుంది. ఒకసారి చౌడు తేలిన మడి మళ్ళీ దారికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ నీళ్ళు వదిలేదీ మా డ్రెయిన్లలోకే. ఎక్కడ చెరువులు, ఎక్కడ చేలు అన్నది గీత గీసి చెప్పాలి, ఆ గీత దాటితే నిజంగా పూడ్పించాలి.

పంట మార్పిడికి వస్తే, మా నాన్న రోజుల్లో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేలో తడి ఉండగానే మినుములు చల్లేవారు. నీరు పెట్టక్కర్లేదు, దున్నక్కర్లేదు, నేలకి నత్రజని కూడా వచ్చేది. ఇప్పుడు కోత మిషన్ చక్రాల కింద ఆ మొలక నలిగిపోతుంది. అదీకాక, డిసెంబరులో కోస్తే మినుముకి కాలం ఎక్కడుంది? దాళ్వా నారు తరుముకొస్తుంటుంది. మన దేశం మయన్మార్ నుంచి మినుములు దిగుమతి చేసుకుంటోంది. ఇడ్లీ, మినప సున్నుండ ఇష్టంగా తినే నేల మీద కూర్చుని ఆ మాట వినడం నాకు బాధగా ఉంటుంది. 120, 125 రోజుల రకాలు మార్టేరులోనే ఉన్నాయి. జూన్ మొదట్లో నారు పోసి అలాంటివి వేస్తే అక్టోబరులో చేను ఖాళీ అవుతుంది. అక్టోబరు వానల్లో కోత కోయాల్సి రావడం ఒక ఇబ్బంది. అందుకని తడిసినా వెంటనే మొలకెత్తని రకాలు ఎంచుకోవాలి, ఊరికో ఆరబెట్టే యంత్రం ఉండాలి. ఆ ఖర్చు తుపాను పరిహారాల ముందు చాలా చిన్నది. మినుముని కూడా ధాన్యంలాగే మద్దతు ధరకి, ఊళ్ళోనే, కొంటామని ముందే చెబితే దాళ్వా వరి వదులుకునే వాళ్ళు మా ఊళ్ళోనే చాలామంది ఉన్నారు. నేను మొదట వదులుతాను. దాళ్వాలో పండే బొండాలు అనే ధాన్యం రకం కేరళ వెళ్తుంది, ఆ గిరాకీ ఉన్న పై చేలవాళ్ళు వరి కొనసాగించనీయండి. నీళ్ళు చాలని శివారు మాత్రం అపరాలకి మారాలి.

ఎవరో చేస్తారని కూర్చోలేదు మేము. పోయిన వేసవిలో మా బోదె మీద ఉన్న పదకొండు మంది రైతులం ఎకరానికి 600 చొప్పున వేసుకుని పొక్లెయిన్ పెట్టి మురుగు బోదె కిలోమీటరు పొడవున తవ్వించాం. సార్వాలో గట్టి వానే పడింది. అంతకు ముందు ఆరు రోజులు నిలిచే నీరు మూడో రోజుకి దిగిపోయింది, ఎవరి నారూ మళ్ళీ పోయాల్సిన అవసరం రాలేదు. మా బోదె వెళ్ళి కలిసే పెద్ద డ్రెయిన్‌లో మాత్రం గుర్రపుడెక్క అలాగే ఉంది. అది తీయించడం పదకొండు మంది వల్ల అయ్యే పని కాదు. మే నెల వచ్చేసరికి అక్కడ మిషన్ దిగితే, జూన్ 5 కల్లా నేను నారు పోస్తాను.