మైక్రోటోనల్ సంగీతానికి ఏ సౌండ్ మాడ్యూల్ తీసుకోవాలి?

మిడి (వాద్యాలు ఒకదానికొకటి నోట్ల సమాచారం పంపుకునే పద్ధతి) కీబోర్డ్ ఉంది, స్థాయికి (ఆక్టేవ్‌కి) మామూలు 12కి బదులు 31 స్వరాలుండే మైక్రోటోనల్ శ్రుతిలో వాయించాలి, స్టేజీ మీద కంప్యూటర్ వద్దు, పాత ర్యాక్ మాడ్యూల్ (కీలు లేకుండా ధ్వని మాత్రమే పలికించే పెట్టె) సరిపోతుందా అని అడిగారు. సరిపోతుందండీ, కాకపోతే చూసి కొనాలి. అందులో ఎన్ని టోన్లున్నాయన్నది తర్వాత, ముందు మాన్యువల్ దొరికించుకుని ట్యూనింగ్ పేజీ చదవండి.

అక్కడ స్కేల్ ట్యూన్ అని కనిపించగానే సంబరపడిపోవద్దు. చాలా మాడ్యూళ్లలో అది 12 స్వరాలను కాస్త పైకీ కిందికీ జరపడానికే, ఆ మార్పే అన్ని స్థాయిల్లోనూ రిపీట్ అవుతుంది. రోలాండ్ జేవీ-1080లో ఉన్నది ఈ రకమే. 5:4 నిష్పత్తి గాంధారం కోసం మామూలు గాంధారాన్ని 14 సెంట్లు (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు) దించడం లాంటి పనులకు బాగానే ఉంటుంది, మీకు మాత్రం పనికిరాదు. పక్కపక్క కీల మధ్య మామూలుగా 100 సెంట్లు, 31 భాగాల్లో అయితే ఒక్కో మెట్టు 38.7 సెంట్లే కాబట్టి ప్రతి కీకీ విడిగా శ్రుతి ఇచ్చుకునే ఫుల్ కీబోర్డ్ టేబుల్ ఉండి తీరాలి.

నేను ఎక్కువగా వాడింది యమహా టీఎక్స్81జెడ్. 80ల నాటి ఎఫ్ఎం (ఒక తరంగంతో ఇంకోదాన్ని మార్చి ధ్వని పుట్టించే పద్ధతి) పెట్టె, ఒకేసారి 8 నోట్లే పలుకుతాయి, స్క్రీన్ చిన్నది, దాని మీద టేబుల్ నింపాలంటే ఓపిక అడుగంటుతుంది (ఇంట్లో కంప్యూటర్ నుంచి సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే మిడి సందేశంగా పంపేయడమే సుఖం), అయినా ఫుల్ కీబోర్డ్ ట్యూనింగ్ ఉంది. స్థాయిని 768 మెట్లుగా కోస్తుంది, అంటే మెట్టుకు 1.56 సెంట్లు. శుద్ధ పంచమం ఆ మెట్ల మీద సరిగ్గా కూర్చోదు, 440 హెర్ట్జ్ షడ్జమంతో కలిపి పట్టి ఉంచితే లెక్క ప్రకారం మూడు సెకన్లకోసారి బీటు (ధ్వని అలలా పెరిగి తగ్గడం) వినిపిస్తుంది. పాట వాయించేటప్పుడు ఎవరికీ తెలియదు, గంటల తరబడి డ్రోన్లు (తంబూరాలా ఆగకుండా మోగే స్వరాలు) పెట్టేవాళ్లకు చిరాకు. టీఎక్స్802లో 1024 మెట్లు, చిత్రంగా అందులో పంచమం దాదాపు అచ్చంగా 599వ మెట్టు మీద పడుతుంది! 16 నోట్లు కూడా. బడ్జెట్ ఒప్పుకుంటే నా ఓటు దీనికే.

కొత్తవాటిలో అయితే మిడి ట్యూనింగ్ స్టాండర్డ్ (శ్రుతి టేబుళ్లను మిడి ద్వారా పంపే ప్రమాణం) అనే మాట ఉందా అని చూడండి. ప్రాఫెట్ రెవ్2 డెస్క్‌టాప్ మాడ్యూల్ దాన్ని తీసుకుంటుంది. స్కాలా అనే ఉచిత ప్రోగ్రామ్‌లో శ్రుతి తయారుచేసి ఇంట్లోనే ఎక్కించుకుంటే స్టేజీ మీద కంప్యూటర్ అక్కర్లేదు.

ట్యూనింగ్ టేబుల్ లేకపోయినా నోటుకో మిడి ఛానెల్ (విడి దారి) ఇచ్చి పిచ్ బెండ్‌తో (ఆ ఛానెల్ శ్రుతిని పైకీ కిందికీ వంచే సందేశంతో) నెట్టుకురావచ్చని కొందరంటారు. నిజమే గానీ ఒక ఛానెల్ మళ్లీ వాడగానే పాత నోటు తోక కూడా జారుతుంది, పైగా నా చేతికొచ్చిన ఒక మాడ్యూల్ (పేరెందుకులెండి) 14 బిట్ల బెండ్‌లో పై 7 బిట్లే చదివేది, అంటే బెండ్ రేంజ్ (ఎంత దూరం వంచవచ్చన్నది) అటూ ఇటూ రెండు సెమీటోన్లు పెట్టుకున్నా 3 సెంట్ల గెంతులు. నెమ్మదిగా ఆరిపోయే ప్యాడ్ల (వెనక పరుచుకుని మోగే టోన్ల) జోలికి వెళ్లకపోతే తప్ప అది బాధే.

శాంపిళ్ల (రికార్డు చేసిన ధ్వనుల) మాడ్యూల్ చూస్తుంటే ఇంకో సంగతి. కొన్నింట్లో ఏ శాంపిల్ పలకాలన్నది కీ నంబర్‌ని బట్టి ముందే తేలిపోయి, శ్రుతి ఆ తర్వాత మారుతుంది. 31 స్వరాలు పరిచేసరికి పియానో శాంపిళ్లు అసలు పిచ్‌కి చాలా దూరం సాగి బొమ్మ పియానోలా వినిపిస్తాయి. ఎఫ్ఎం, అనలాగ్‌లకు ఈ గొడవ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే లోపలి బ్యాటరీ సంగతి అడగండి, అది పోతే మీరు నింపిన టేబుల్ కూడా పోతుంది. వినేటప్పుడు కోరస్, డీట్యూన్, వైబ్రాటో అన్నీ తీసేసి సాదా ఆర్గాన్ టోన్ పెట్టుకోండి, లేకపోతే శ్రుతి బాగుందో లేదో మీ చెవికి అందదు. మీది 61 కీల బోర్డ్ అయితే 31 స్వరాల్లో రెండు స్థాయిలు కూడా పూర్తిగా రావు, కాబట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ చేతికి అందేలా ఉందో లేదో అది కూడా చూసుకోండి.