కెమెరా మీది, పాస్‌వర్డ్ ఎవరిది?

సీసీ కెమెరాల మీద వచ్చే ఉత్తరాలు ఇప్పుడు మిగతా అన్నిటినీ మించిపోయాయి. వాటిలో మూడింటికి ఈ వారం జవాబిస్తున్నాను. రెండోదానికి ఎక్కువ చోటిచ్చాను. మొదటి సమస్యలో పోయింది బండి. రెండోదాంట్లో ఇల్లంతా పరాయివాళ్ల కళ్లముందు ఉంది.

ప్రశ్న: గుమ్మం ముందున్న బండి ఎత్తుకెళ్లారు. అంతా రికార్డయింది కానీ ముఖం పోల్చుకోలేకపోతున్నాం. జూమ్ చేస్తే చుక్కలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ముఖాన్ని స్పష్టం చేసే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: లేదండీ. కెమెరాకు అందని ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు. ఏఐతో స్పష్టం చేస్తామనే యాప్‌లు ఆ చుక్కల మీద ఊహించి ఒక ముఖం గీస్తాయి. అది దొంగ ముఖం కాదు. దాన్ని పట్టుకుని ఎవరినైనా అనుమానిస్తే ఏ పాపం ఎరుగని మనిషి బలవుతాడు. ఆ పని చేయకండి.

తప్పు ఎక్కడుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు, అంటే 1920 చుక్కలు. మామూలుగా బిగించే 2.8 ఎంఎం లెన్స్ సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. అంటే 10 మీటర్ల దూరంలో దాదాపు 24 మీటర్ల వెడల్పు ఆ 1920 పిక్సెళ్లలోనే ఇరుక్కోవాలి. మీటరుకు 80 పడతాయి. మనిషి ముఖం వాటాకు వచ్చేవి పదమూడో పద్నాలుగో. కొత్త మనిషిని ముఖం చూసి గుర్తించాలంటే మీటరుకు 250 ఉండాలన్నది ఈ రంగంలో వాడే ప్రమాణం. ఈ లెన్స్‌తో ఆ స్పష్టత మూడు మీటర్లు దాటితే ఉండదు. ఏం జరిగిందో చూడ్డానికి ఒక కెమెరా కావాలి, ఎవరు చేశారో చూడ్డానికి మరొకటి కావాలి. రెండోది 6 ఎంఎం లాంటి ఇరుకు లెన్స్‌తో, గేటు దగ్గర, తల ఎత్తుకు కాస్త పైన ఉండాలి. రెండో అంతస్తు మీద పెడితే టోపీలే రికార్డవుతాయి. గేటు మీద రాత్రంతా ఒక బల్బు వెలగనివ్వండి. చీకట్లో కెమెరా షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, దాంతో నడిచే మనిషి ముఖం అలికినట్టు అయిపోతుంది.

ఉన్న ఫుటేజ్‌ను మాత్రం ఈరోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. తెర మీద ఆడుతున్నదాన్ని ఫోన్‌తో తీస్తే అది పనికిరాదు. డిస్క్ నిండగానే పాత రికార్డు మీద కొత్తది పడుతుంది. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున రోజుకు 21.6 జీబీ రాస్తుంది. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకు సరి.

ప్రశ్న: హాల్లో తిరిగే కెమెరా పెట్టించాం. రాత్రి మేం టీవీ చూస్తుంటే అది తనంతట తానే మావైపు తిరిగింది. బిగించినతన్ని అడిగితే రీస్టార్ట్ చేస్తే సరిపోతుందన్నాడు. నిజమేనా?

జవాబు: ముందు కెమెరా ప్లగ్ పీకేయండి. మిగతాది తర్వాత చదవండి.

మనిషి కదలికను వెంబడించే ఆటో ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే అది తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఒకసారి అటూ ఇటూ తిరిగి సర్దుకుంటుంది. ఈ రెండూ కాకపోతే ఎవరో లోపలికి వచ్చారనే అనుకోవాలి. రీస్టార్ట్ సలహా నాకు కోపం తెప్పించింది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలను వరుసగా ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను (కెమెరాల రికార్డింగ్ పెట్టెలను), రౌటర్లను ఆక్రమించింది. అడ్మిన్, 12345 లాంటివే అవన్నీ. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాల దాడితో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. రీస్టార్ట్ చేస్తే మిరాయ్ మెమరీ నుంచి చెరిగిపోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో మళ్లీ వచ్చేది.

ఇక నేను అందరినీ అడిగే ప్రశ్న: యాప్‌లో మీ కెమెరా ఎవరి ఖాతా కింద ఉంది? బిగించడానికి వచ్చినతను తన ఫోన్‌లోనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మీకు షేర్ చేసి వెళ్లిపోతాడు. అప్పుడు యాప్ లెక్కలో యజమాని అతను, మీరు అతిథి. అతను మంచివాడే కావచ్చు. కానీ ఆ ఫోన్ పోయినా, పాతదని అమ్మేసినా, అతను పని మానేసినా మీ హాలు అందులోనే ఉంటుంది. అతని చేతే ఖాతా నుంచి తీయించండి. కెమెరాను రీసెట్ బటన్‌తో ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి మీ ఖాతాలో మీరే నమోదు చేసుకోండి. యాప్ పాస్‌వర్డ్, కెమెరా లేదా డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేర్వేరు. రెండూ మార్చాలి. యూజర్ల జాబితాలో మీకు తెలియని పేరుంటే తీసేయండి. రౌటర్‌లో యూపీఎన్‌పీని, పోర్ట్ ఫార్వార్డింగ్‌ను ఆపేయండి. అవి మీ డీవీఆర్ లాగిన్ పేజీని ప్రపంచమంతటికీ తెరిచి పెడతాయి. షోడాన్ అనే సెర్చ్ ఇంజన్ 2009 నుంచి ఇలాంటి పరికరాలను వెతికి చూపిస్తూనే ఉంది.

ఇంత చేశాక కూడా నేను పడకగదిలో కెమెరా వద్దనే అంటాను. 2021లో ఒక క్లౌడ్ కెమెరా సంస్థకు చెందిన సూపర్ అడ్మిన్ లాగిన్ (వాడేవాళ్లందరి కెమెరాలనూ తెరిచేది) ఇంటర్నెట్‌లో దొరికింది. ఆసుపత్రులు, జైళ్లు, బడులతో సహా సుమారు 1,50,000 కెమెరాలు పరాయివాళ్ల చేతికి చిక్కాయి. అక్కడ వాడేవాళ్ల పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఒరిగిందేమీ లేదు.

తయారీదారుల మీద నాకున్న ఫిర్యాదు ఇదే. అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో పరికరం పంపడం నేరం కావాలి. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి దాన్ని చట్టంతో నిషేధించింది. రెండేళ్లు అమ్మి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆపేసే చవక కెమెరాలను నేనైతే ఇంట్లోకి రానివ్వను. కొనేముందు మెగాపిక్సెళ్లు కాదు, అప్‌డేట్ ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. జవాబు రాకపోతే వెనక్కి రండి.

ప్రశ్న: డీవీఆర్ గడియారం 40 నిమిషాలు వెనక ఉంది. సాక్ష్యంగా ఇవ్వాల్సిన ఫుటేజ్ ఉంది. సరిచేసి ఇవ్వాలా?

జవాబు: సరిచేయకముందే డీవీఆర్ తెరను, సరైన టైమ్ చూపించే ఫోన్‌ను పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో కాగితం మీద రాసి ఫుటేజ్‌తో పాటు ఇవ్వండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే సెట్టింగ్) ఆన్ చేయండి. కరెంటు పోయిన ప్రతిసారీ టైమ్ తప్పుతుంటే లోపలి బోర్డు మీదున్న బటన్ సెల్ అయిపోయినట్టే, మార్పించండి.