గోధుమ పడని బాబుకు ఏ బ్రెడ్ మిషన్?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. సీలియాక్ జబ్బని తేలింది, గోధుమ, మైదా పూర్తిగా బంద్. బ్రెడ్ కావాలని ఏడుస్తున్నాడు. మా ఆడబిడ్డ తను వాడిన బ్రెడ్ మిషన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. ఆమె ప్రేమతోనే ఇస్తుండొచ్చు, కానీ గిన్నె అడుగున తెడ్డు తిరిగే చోట పాత మైదా ఎండి అతుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు, బాబు పేగులకు ఆ కాస్త కూడా హానే.

కొత్తదే కొనండి. గ్లూటెన్ ఫ్రీ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే పదార్థం లేని పిండికి పనికొచ్చే) ప్రోగ్రామ్ ఉందా, లేదంటే కలిపే, పొంగే, కాల్చే టైమ్‌లు మనమే పెట్టుకోవచ్చా అన్నది ముందు చూడండి. మామూలు ప్రోగ్రామ్‌లో పిండి పొంగాక మిషన్ దాన్ని మళ్లీ అణుస్తుంది, గోధుమపిండికి సాగే గుణం ఉంది కాబట్టి తిరిగి లేస్తుంది, జొన్నపిండి, బియ్యప్పిండి మాత్రం ఒకసారి కుంగితే సరిగా లేవవు. వీటికి ఒక్కసారి కలపడం, ఒక్కసారి పొంగడం, అంతే. జిగురు కోసం ఇసబ్‌గోల్ పొట్టు వేయండి. పిండి ముద్దలా కాకుండా చిక్కటి జారుగానే ఉంటుంది, కంగారు పడకండి. కలిసేటప్పుడు మూత తీసి, మూలల్లో పొడి మిగలకుండా రబ్బరు గరిటెతో గీకండి.

మిషన్ కన్నా నాకు గిర్నితోనే ఎక్కువ టెన్షన్. గోధుమలు పట్టిన గిర్నిలోనే జొన్నలు పట్టిస్తే ఇంత ఖర్చూ దండగే. ఇంట్లో మిక్సీ పట్టి, వేరే జల్లెడతో జల్లించుకోండి. మిషన్ వచ్చేదాకా వేడివేడి జొన్నరొట్టె పెట్టండి, ఆ పెనం మీద చపాతీలు మాత్రం కాల్చకండి.